వైన్ బల్ల మీద సకినాలకూ చోటు కావాలి

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం భవన నిధి కోసం పెట్టిన వైన్ అండ్ చీజ్ నైట్‌లో జరిగింది చాలామంది చూశారు. ఎవరూ పైకి అనలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

మా తోడికోడలు వాళ్ల అమ్మగారు కరీంనగర్ నుంచి వచ్చి ఉన్నారు. ఫండ్‌రైజర్ అనగానే ఉత్త చేతులతో ఎలా వస్తామని బియ్యం నానబోసి, మిక్సీ పట్టి, జల్లించి, నువ్వులూ వామూ కలిపి, గుడ్డ మీద వేళ్లతో చుట్టలు చుట్టి, కాస్త ఆరాక నూనెలో వేయించి, పెద్ద స్టీల్ డబ్బా నిండా సకినాలు తెచ్చారు. నిర్వాహకుల్లో ఒకరు వచ్చి, "ఆంటీ, ఇవాళ థీమ్ వేరే. ఇవి సంక్రాంతికి పెట్టుకుందాం" అని మూత పెట్టి డబ్బాను బల్ల కిందికి నెట్టారు. ఆవిడ "సరే బిడ్డా" అని ఊరుకున్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిర్వాహకుల్లో ఎవరైనా ఆవిడ దగ్గరికి వెళ్లి నొచ్చుకోవద్దని ఒక మాట చెప్పాలని ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను.

నిర్వాహకులు ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. సిటీ కౌన్సిల్ నుంచి అతిథులు వచ్చారు, పెద్ద దాతలు వచ్చారు, హాలు అందంగా కనిపించాలనుకున్నారు. తప్పులేదు. కానీ బల్ల మీద పెట్టిందేమిటి? ఘాటైన కాబర్నే అనే రెడ్ వైన్, దాని పక్కన నీలం చారల చీజ్, పార్మీజాన్ చీజ్. అసలైన పార్మీజాన్‌ను దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో (పాలను విరగ్గొట్టే పదార్థం) చేస్తారు. అది తెలిసిన శాకాహారులు ముట్టుకోలేదు. పెద్దవాళ్లు వాసనకే పక్కకు జరిగారు. చివర్లో పళ్లేల కొద్దీ చీజ్ మిగిలిపోయింది.

మర్నాడు సాయంత్రం అవే సకినాలు మా ఇంట్లో బల్ల మీద పెట్టి, స్పెయిన్ నుంచి వచ్చే కావా అనే బుడగల వైన్ సీసా ఒకటి తెరిచాం. దాని ధర పది డాలర్ల లోపే. షాంపేన్ లాగే దీనికీ రెండోసారి పులియడం సీసాలోనే జరుగుతుంది, బుడగలు అక్కడే పుడతాయి. సకినం కొరికాక ఒక గుక్క తాగితే ఆ బుడగలూ పులుపూ నాలుక మీది నూనెను కడిగేస్తాయి, మళ్లీ సకినం మీదికి చెయ్యి పోతుంది. ఉప్పు కూడా వైన్‌లో చేదునూ పులుపునూ తగ్గించి, పళ్ల రుచిని ముందుకు తెస్తుంది. కారం చేగోడీలకు వాషింగ్టన్ రాష్ట్రపు రీస్లింగ్ అనే వైట్ వైన్ తీశాం. ఆల్కహాల్ తక్కువ, కాస్త తీపి ఉంటుంది కాబట్టి మంటను సర్దేస్తుంది. అదే చేగోడీకి పద్నాలుగు శాతం ఆల్కహాల్ ఉన్న కాబర్నే పోస్తే నోరు భగ్గుమంటుంది. వగరు, ఆల్కహాల్, కారం మూడూ కలిస్తే అంతే.

ఆ సాయంత్రం ఇంకోటి జరిగింది. మన పార్టీల్లో మగవాళ్లు గరాజ్‌లో విస్కీతో నిలబడతారు, ఆడవాళ్లు వంటింట్లో పూరీలు వేయిస్తుంటారు. ఈ పద్ధతి నాకెప్పుడూ నచ్చలేదు, మన పిల్లలు దాన్ని చూసి పెరగడం ఇంకా నచ్చలేదు. ఆ రోజు గరాజ్ బ్యాచ్ అంతా లోపలికొచ్చి బల్ల చుట్టూ కూర్చుంది. పెద్దావిడ వైన్ తాగరు, మజ్జిగ గ్లాసు పట్టుకుని అందరి మధ్యా కూర్చుని, చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో కల్లు దగ్గరికి గుడాలు (గుగ్గిళ్లు) ఎలా ఉడకబెట్టేవాళ్లో చెప్పారు. మా అబ్బాయి ఫోన్ పక్కన పెట్టి విన్నాడు.

ఖరీదైన వైన్ లేకపోతే దాతల ముందు పరువు పోతుందని కొందరి భయం. 2002లో ట్రేడర్ జోస్ కిరాణా దుకాణాల్లో 1.99 డాలర్లకు వచ్చిన చార్లెస్ షా వైన్ మీకు గుర్తుండే ఉంటుంది. 2007 కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో రాష్ట్రంలోకెల్లా మంచి షార్డనే (ఒక రకం వైట్ వైన్) బహుమతి దానికే వచ్చింది. న్యాయమూర్తులకు సీసా మీద లేబుల్ కనిపించదు కదా. స్పెయిన్‌లో హెరెజ్ ఊరి వైపు వెళ్తే ఫీనో షెర్రీ అనే అక్కడి వైన్‌తో ఉప్పు బాదం, ఆలివ్‌లు పెడతారు. వాళ్ల ఇంటి తిండిని వాళ్లెవరూ దాచుకోరు.

సంఘం కార్యక్రమంలో అసలు మందే వద్దనేవాళ్లున్నారు, వాళ్ల మాటకు నేను విలువిస్తాను. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించుకోవాల్సిందే, అదీ నిజమే. అందుకే ద్రాక్ష రసం, మజ్జిగ, ఉప్పు లేని పల్లీలు కూడా అదే బల్ల మీద, అదే వరుసలో ఉండాలి. విడిగా మూలన పెట్టొద్దు.

సంఘం కార్యవర్గానికి (ఈసీ) నా విన్నపం ఇది. వచ్చే ఫండ్‌రైజర్‌కి సీసా పన్నెండు డాలర్లు దాటకుండా కావా, రీస్లింగ్, పోర్చుగల్ వారి విన్యో వెర్డే వైన్ తెప్పించండి. మిగిలిన డబ్బు భవన నిధికి చేరుతుంది, టికెట్ ధర తగ్గిస్తే కొత్తగా వచ్చిన కుటుంబాలూ రాగలవు. జంతికలు, చెక్కలు, సకినాలు, కారప్పూస మనవాళ్లే చేస్తారు. ఎవరు చేశారో వాళ్ల పేరు పళ్లెం పక్కన రాసిపెట్టండి. మెనూ మీటింగ్‌కి ఆ చేసే పెద్దవాళ్లను కూడా పిలవండి. రాత్రి తొమ్మిదికి జూమ్ కాల్ అంటే వాళ్లకు కుదరదు. శనివారం పొద్దున ఎవరింట్లోనైనా పెట్టండి, మా ఇల్లయినా సరే.