సవరణ: రిక్షా కార్మికుల ఫొటో 1958 నాటిది కాదు

తిరుపతి రైల్వే స్టేషన్ ముందు సవారీల కోసం చూస్తున్న రిక్షా కార్మికుల ఫొటో 1958 నాటిదని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, నెగటివ్ పెట్టిన కవరు మీది సంవత్సరాన్నే నమ్మాను.

పాత స్టూడియోలో డార్క్‌రూమ్ పని చేసినవాళ్లు నెగటివ్ అంచు చదివారు. ‘ఓర్వో ఎన్‌పీ 20’ అని ఉంది. తూర్పు జర్మనీలోని వోల్ఫెన్ ఫ్యాక్టరీ తన ఫిల్ముకు ‘ఓర్వో’ అన్న పేరు పెట్టిందే 1964లో. కాబట్టి ఫొటో అంతకు ముందుది అయ్యే అవకాశం లేదు. ఎంత తర్వాతిదో మాత్రం అంచు చెప్పదు. కవరును నమ్మకూడదు, ప్రింటుకని తీసిన నెగటివ్ స్ట్రిప్పు వేరే కవర్లోకి పోవడం మామూలే. అంచు చదవాలంటే నెగటివ్ మెరిసే వైపు మనకు ఉండాలి, వెనక తెల్లటి వెలుతురు, చేతిలో భూతద్దం. రెండో వైపు నుంచి అక్షరాలు తిరగబడతాయి.

ఇంకొకటి. ఫొటోలో వెనక ఉన్న రిక్షా చక్రం చెదిరి ఉంటే, బండి జోరుగా పోతోందని కొందరు అనుకున్నారు. ఈ ఫిల్ము 80 ఏఎస్‌ఏ మాత్రమే, అంటే వెలుతురు ఎక్కువ కావాల్సిన రకం. మునిమాపు వెలుతురులో షట్టర్ వేగం 1/15 సెకను దాకా దించాల్సి వస్తుంది, అప్పుడు మెల్లగా తిరిగే చక్రమైనా చెదురుతుంది. సరిగ్గా చూడండి: ఆ రిక్షా ఆయన సీటు మీద లేడు, దిగి బండిని తోస్తున్నాడు.