దేవ్లీ క్యాంపు కరెక్టే అంటున్న ఫార్వర్డ్‌కి నా జవాబు

మా చెన్నై పెరంబూరు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మూడ్రోజులుగా ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటది. 1962 చైనా యుద్ధంలో మన దేశంలో ఉన్న చైనావాళ్ళని పట్టుకెళ్ళి రాజస్థాన్‌లో దేవ్లీ క్యాంపులో పెట్టడం కరెక్టేనంట, వాళ్ళంతా గూఢచారులంట, అమెరికా కూడా జపాన్‌వాళ్ళని అలాగే పెట్టిందంట, అయినా యుద్ధం జరిగినన్నాళ్ళే కదా, తప్పు చెయ్యనోడికి భయమెందుకు అని. కింద వరసగా దండాల ఎమోజీలు. చదివాక నాకు నిద్ర పట్టలేదండీ.

"యుద్ధం జరిగినన్నాళ్ళే" అన్నది పచ్చి అబద్ధం. అక్టోబర్ 20న మొదలైంది, నవంబర్ 21న కాల్పులు ఆపేస్తున్నామని చైనా చెప్పేసింది. క్యాంపులోంచి చివరివాళ్ళు బయటికొచ్చింది 1967లో! నెల యుద్ధానికి అన్నేళ్ళా?

ఇక గూఢచారులు. దాదాపు 3,000 మందిని, అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్ వైపు నుంచి వారం రోజులు రైల్లో తీసుకెళ్ళారు, విచారణ లేదు ఏం లేదు, చాలామంది ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు, ముసలాళ్ళున్నారు, చంటిపిల్లలున్నారు, ఆ క్యాంపులోనే పుట్టిన పిల్లలున్నారు. అక్కడ పుట్టిన పిల్ల చైనాకి ఏం చేరవేసింది చెప్పండి?

అమెరికా సంగతికొస్తే, రెండో ప్రపంచ యుద్ధంలో 1942 ఫిబ్రవరి 19న ప్రెసిడెంట్ ఇచ్చిన ఆర్డరుతో జపాన్ మూలాలవాళ్ళు 1,20,000 మంది దాకా క్యాంపులపాలయ్యారు, మూడింట రెండొంతులు అమెరికా పౌరులే. అంత ప్రమాదమే ఉంటే ముందు ఎక్కడ పెట్టాలి? జపాన్ బాంబులేసిన హవాయిలో. అక్కడ జనాభాలో మూడో వంతు పైనే జపాన్ మూలాలవాళ్ళు, వాళ్ళందర్నీ లోపలేస్తే పనులన్నీ ఆగిపోతాయి, అందుకని కొద్దిమందినే పట్టుకున్నారు. ఈ ఒక్క ముక్కతో ఆ వాదన కూలిపోతుంది. 1988లో వాళ్ళ ప్రభుత్వం తప్పయిందని చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లిచ్చింది. దేవ్లీ వాళ్ళకి మనం సారీ కూడా చెప్పలేదు.

తప్పు చెయ్యనోడికి భయమెందుకంటారా? 1964 డిసెంబర్‌లో చైనా మనుషులని ముద్రేసి కమ్యూనిస్టుల్ని పట్టుకున్నప్పుడు మన పుచ్చలపల్లి సుందరయ్యగార్నీ 1966 మే దాకా లోపలే ఉంచారు. చైనా యుద్ధానికని 1962లో పెట్టిన ఎమర్జెన్సీ తీసింది 1968 జనవరిలో.

మా నాయనమ్మకి కట్టుడుపళ్ళు చేసింది ఇక్కడ చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గరుండే చైనా పళ్ళ డాక్టరే. తమిళం గడగడా మాట్లాడేవాడు, పళ్ళు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడాలని జంతిక ముక్క కొరికించేవాడు. నాయనమ్మ కూడా ఆయనతో కబుర్లు పెట్టుకుని లేచేది కాదు, ఎందుకంటే మావాళ్ళూ బర్మాలో, రంగూన్‌లో అలా పరాయి దేశంలో బతికినవాళ్ళే. 1964లో అక్కడ షాపులన్నీ ప్రభుత్వం లాక్కుంటే ఒక ట్రంకుపెట్టెతో ఓడ దిగారు, ఓడ ఎక్కేముందు రంగూన్ పోర్టులో సోదా చేసి చెవి కమ్మలు కూడా తీసుకున్నారని చెప్పేది.

గ్రూపులో ఆ ఫార్వర్డ్‌కి మొదటి దండం మా పెదనాన్నది. ఆ ఓడ దిగేటప్పటికి ఆయనకి ఆరేళ్ళు. రేపు పొద్దున ఇంటికెళ్ళి ఎదురుగా కూర్చుని మాట్లాడతా.