బీచ్ రోడ్డు స్వర న్యాయస్థానం

విశాఖపట్నం బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలను ఆపేసి నడిచేవాళ్లకు దారి వదులుతారు. ఈ ఏర్పాటు ప్రజారోగ్యం కోసమని అధికారుల నమ్మకం. కాదు, న్యాయం కోసం. కురుసుర జలాంతర్గామికి ఎదురుగా పిట్టగోడ మీద కొలువుతీరి సినిమా బాణీల చోరీలు విచారించే మా స్వర న్యాయస్థానం వాహనాల రొదలో విచారణ జరపలేదు.

సభ్యులందరూ పోర్టులోనో, ఉక్కు కర్మాగారంలోనో, బ్యాంకుల్లోనో, బడుల్లోనో పనిచేసి విరమించినవారు. సంగీతం నేర్చుకున్నవారు ఒక్కరూ లేరు కాబట్టి తీర్పుల్లో పక్షపాతానికి తావు లేదు. శుక్రవారం సినిమా విడుదలైతే శనివారం ఉదయానికి అభియోగపత్రం సిద్ధం. కథానాయకుడు అడుగుపెట్టగానే ఇత్తడి బాకాలు మోగాయంటే అది ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిందే. సాక్ష్యం ఫోనులో ఉంటుంది. ఎనభై మంది కలిసి వాయించిన ఆర్కెస్ట్రాను ఫోను స్పీకరులో వింటే ప్రతిదీ ఇంకోదానిలాగే వినిపిస్తుంది. దర్యాప్తుకు ఇంతకన్నా అనుకూలం ఏముంటుంది?

మొదట్లో మా పరిధి తెలుగు సినిమా వరకే. సొమ్ము పోగొట్టుకున్నవారి చేత కూడా ఫిర్యాదు చేయిద్దామన్న సదుద్దేశంతో హాలీవుడ్ వైపు చూశాం. అక్కడే చిక్కొచ్చింది. 1977 నాటి ‘స్టార్ వార్స్’ సంగీతకర్త జాన్ విలియమ్స్ గడప ముందు అప్పటికే జనం బారులు తీరి ఉన్నారు. ప్రధాన బాణీ 1942 నాటి ‘కింగ్స్ రో’కు కోర్న్‌గోల్డ్ కట్టినదానికి దగ్గరి చుట్టమని కొందరు, ఎడారి దృశ్యాల్లో వినిపించేది 1913 నాటి స్ట్రావిన్‌స్కీ బ్యాలే సంగీతమని కొందరు, యుద్ధపు హోరంతా ఆంగ్ల సంగీతకర్త గుస్తావ్ హోల్స్ట్ గ్రహాల మీద కట్టిన ‘ది ప్లానెట్స్’లోని అంగారకుడిదేనని మరికొందరు. ఈ హోల్స్ట్ హక్కులు చూసుకునేవాళ్లయితే ఇంకో సినిమా, ‘గ్లాడియేటర్’ సంగీతం మీద 2006లో అసలు కోర్టుకే ఎక్కారు.

మాలో తెలుగు మాస్టారు ఒకరున్నారు. హోల్స్ట్ పేరు వినగానే చేతికర్ర పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. “అయ్యా, ఈ హోల్స్ట్ సంస్కృతం నేర్చుకున్నవాడు. ఋగ్వేద సూక్తాలను స్వయంగా అనువదించుకుని బృందగానాలు కట్టినవాడు. మన సావిత్రి కథను ఒపేరా చేసినవాడు. ఇక ఆ అంగారకుడి నడక లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు! ఖండచాపు కాక మరేమిటి?”

అంతా సత్యమే, ఖండచాపు తప్ప. ఐదు లెక్కలో నడిచే సంగీతం లోకంలో మనకొక్కరికే ఉందని ఎవరూ నిరూపించలేదు. అయినా సత్యానికి కాస్త ఊతమిస్తే తీర్పు అవుతుంది. ఆ ఉదయం ఇచ్చిన తీర్పు ఇది: సరుకు మొదట మనది, హోల్స్ట్ పట్టుకుపోయాడు, అతని దగ్గర హాలీవుడ్ తీసుకుంది, కాబట్టి మనవాళ్లు హాలీవుడ్ నుంచి తెచ్చుకుంటే అది అపహరణ కాదు, స్వాధీనం. పెండింగులో ఉన్న కేసులన్నీ ఒక్క పూటలో కొట్టేశాం. టీ ఖర్చు బ్యాంకు మేనేజరు గారు సొంతంగా భరించారు. ఇది రికార్డులో ఉంది.

పూర్వపు తీర్పులు తిరగేస్తే మాకన్నా ఘనులు కనిపించారు. 1955 ఆస్కార్ సభలో హాలీవుడ్ సంగీతకర్త దిమిత్రి తియోమ్‌కిన్ బహుమతి అందుకుని బ్రామ్స్, వాగ్నర్, బీథోవెన్ మొదలైన పాత స్వరకర్తలకు కృతజ్ఞతలు చెప్పాడు. నేరం ఒప్పుకున్నవాడి చేతిలో బంగారు బొమ్మ. నినో రోటా సంగతి ఇంకా విచిత్రం. ‘గాడ్‌ఫాదర్’ ప్రేమబాణీని 1958లో తానే చేసిన వేరే చిత్రంలోంచి తెచ్చుకున్నాడని తెలిసి ఆస్కార్ పోటీ నుంచి తప్పించారు. తన ఇంట్లో తానే కన్నం వేశాడన్నమాట. ఆ బాణీయే మళ్లీ వినిపించే రెండో భాగానికి మాత్రం పిలిచి బహుమతి ఇచ్చారు. శిక్షాకాలం పూర్తయిందనుకోవాలి.

ఇంతలో ఒక కుర్రవాడు వచ్చాడు. హైదరాబాద్‌లో ఎడిటింగ్ అసిస్టెంట్, సెలవుకు ఇంటికొచ్చాడు. “సార్, సంగీతదర్శకుణ్ని పట్టుకుంటున్నారు. రిఫరెన్స్ సంగతి ఎవరూ అడగరేం?” అన్నాడు. రీరికార్డింగ్‌కు ముందే దృశ్యాలు కూర్చేటప్పుడు ఏదో పేరున్న సినిమా సంగీతం కింద అతికిస్తారట. దర్శకుడు, నిర్మాత, నిర్మాత బావమరిది నెలల తరబడి దాంతోనే చూస్తారు. చెవులు దానికే అలవాటు పడిపోతాయి. ఆ తర్వాత సంగీతదర్శకుణ్ని పిలిచి, “ఇలాగే ఉండాలి, ఇది మాత్రం కాకూడదు” అంటారు. గడువు తక్కువ. కొత్తగా ఏదైనా చేసుకొస్తే “బాగుంది కానీ ఆ ఊపు లేదు” అంటారు. ఆ ఊపు ఎవరిదో అందరికీ తెలుసు. ‘స్టార్ వార్స్’ కూర్పు బల్ల దగ్గర జార్జ్ లూకాస్ చేసిందీ ఇదేనట.

కుర్రవాడి వాంగ్మూలం విన్నాక న్యాయస్థానం కాసేపు సముద్రం వైపు చూసింది. నిర్మాతల మీద కేసు వేయడం మన సంప్రదాయం కాదు. వాళ్లు పెట్టుబడి పెట్టినవాళ్లు. మా దగ్గర ఉన్నది డెబ్బై రూపాయల టీ ఖాతా. అందుకే ఆ అంశాన్ని పరిధికి బయట అని రాసుకున్నాం. ఒక్క దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్‌ను మాత్రం నిజాయితీపరుడని విడిచిపెట్టాం. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి ఆలెక్స్ నార్త్ చేత సంగీతం రాయించి, దాన్ని పక్కన పడేసి, తాత్కాలికంగా పెట్టుకున్న పాత స్వరకర్తలు స్ట్రాస్‌ల సంగీతాన్నే ఉంచేశాడు. పోలిక పట్టుకునే శ్రమ మాకు మిగల్చలేదు. తన సంగీతం సినిమాలో లేదని నార్త్‌కు ప్రదర్శనలో కూర్చున్నాకే తెలిసింది. బాధితుడు పాశ్చాత్యుడు కాబట్టి మేం జోక్యం చేసుకోలేదు.

కుర్రవాడు అక్కడితో వదల్లేదు. “మరి ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు?” అన్నాడు. ‘సంతతం పాహిమాం’ ఆయన ఏ వరుసలో కట్టారో కూనిరాగం తీసి వినిపించాడు. అది బ్రిటిష్ వారి రాజగీతం వరుస. పోర్టు ఇంజనీరు గారు ఎవరి జాతీయగీతమో తేల్చుకోలేక, ఎందుకైనా మంచిదని లేచి నిలబడ్డారు. తెల్లవాళ్ల బ్యాండు బాణీల మీద దీక్షితులవారు కట్టిన కృతులు నలభైకి దగ్గరగా ఉన్నాయట. కర్ణాటక సంగీతంలోకి వయొలిన్‌ను తెచ్చింది ఆయన తమ్ముడు బాలుస్వామి అని మాస్టారే ఒప్పుకోవలసి వచ్చింది. ఆ వాద్యంతోనే కదా ఈ ఊళ్లో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దేశాన్ని మెప్పించింది! స్వాధీనం సిద్ధాంతం ప్రకారం వయొలిన్లన్నీ ఓడెక్కించి పంపాలి. అందుకే సిద్ధాంతాన్ని సవరించాం: పోయి నూరేళ్లు దాటినవారు తీసుకుంటే ప్రభావం, బతికున్నవారు తీసుకుంటే చౌర్యం.

ఈ పాండిత్యం వృథా పోలేదు. ఒక నిర్మాత మనిషిని పంపాడు. విడుదలకు ముందే సినిమా వినిపిస్తాం, ఎంత మారిస్తే మీరు పట్టుకోలేరో చెప్పండి, రుసుము ఇస్తాం అన్నాడు. అతిక్రమణను ముందే నివారించడం ఏ న్యాయస్థానానికైనా గౌరవమే. బాణీ జోలికి వెళ్లవద్దని, బాకాలు తీసి సన్నాయి, డోలు పెట్టమని సలహా ఇచ్చాం. సినిమా వచ్చింది. నేపథ్య సంగీతంలో మన మట్టి వాసన గుబాళించిందని సమీక్షకులంతా రాశారు.