ఎక్కడ ఆపానబ్బా?

70 పేజీల రిపోర్టైనా సరే వర్డ్‌లో తెరిచామంటే మొదటి పేజీయే ఎదురొస్తుంది, నిన్న రాత్రి ఎక్కడో 40వ పేజీలో కళ్ళు మూతలు పడుతుంటే ఆపేసి పడుకున్నామన్న సంగతి దానికి పట్టదు. మా ఫ్రెండొకడు దీనికి మౌస్ చక్రాన్ని నమ్ముకున్నాడు. తిప్పుతూ పోతాడు, మధ్యలో ఏదో పేరా కనబడితే ఆగి చదివి "అరె, బానే రాశానే" అని మురిసిపోతాడు, మళ్ళీ తిప్పుతాడు. మొన్న అలాగే తిప్పి తిప్పి చోటు దొరకబుచ్చుకుని, ఆ ఊపులో అక్కడ క్లిక్ కూడా చెయ్యకుండా టైపింగ్ మొదలెట్టేశాడు. స్క్రోల్ చేస్తే పేజీలు కదుల్తాయి గానీ కర్సర్ కదలదు కదా, అది మొదటి పేజీలోనే హాయిగా కూర్చునుంది. వీడేమో కీబోర్డు చూస్తూ కొట్టే రకం. పేరా అంతా అయ్యాక తలెత్తి చూస్తే "ఈ ఖర్చులు పెరగడానికి కారణమేమిటంటే" అని మొదలైన గోడంతా టైటిల్‌కి అతుక్కుని, పేజీ మధ్యలో, లావు లావు అక్షరాల్లో ఉంది.

అంతకుముందు వాడికి ఇంకో టెక్నిక్ ఉండేది, ఆపిన చోట "ఇక్కడిదాకా ఏడ్చాను" అని కొట్టి, పొద్దున్నే దాన్ని ఫైండ్‌లో వెతుక్కోవడం. పద్ధతి మంచిదే, పంపేముందు చెరపడం గుర్తుంటే. రిపోర్టు వెనక్కొచ్చినప్పుడు ఆ లైను పక్కన మేనేజర్ గారి కామెంటుంది: "నేనూ ఇక్కడిదాకానేనండీ."

ఇంత గొడవ అక్కర్లేదురా, షిఫ్ట్ పట్టుకుని ఎఫ్5 నొక్కు చాలు అన్నాను. ఫైలు తెరవగానే నొక్కితే కిందటిసారి ఆఖరున ఎడిట్ చేసిన చోటికి తీసుకెళ్తుంది, పని మధ్యలో నొక్కితే చివరి మూడు ఎడిట్ల దగ్గరికీ ఒక్కోటిగా వెనక్కి తిప్పి నాలుగోసారికి బయల్దేరిన చోటే దింపుతుంది. వర్డ్‌లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్, లిబ్రెఆఫీస్ రైటర్‌లోనూ ఫైలు తెరవగానే నొక్కాల్సింది ఇదే కీ, కాకపోతే అది కిందటిసారి సేవ్ చేసినప్పుడు కర్సర్ ఉన్న చోటికి తీసుకెళ్తుంది. షిఫ్ట్ మర్చిపోతే మాత్రం వర్డ్‌లో వెతుకులాట డబ్బా తెరుచుకుని ఏ పేజీకెళ్ళాలో నన్నే చెప్పమంటుంది, అది తెలిస్తే ఈ బాధంతా ఎందుకు. కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో ఎఫ్‌ఎన్ కూడా కలిపి నొక్కాలి, వేళ్ళకి కాస్త యోగాసనం. అసలు వర్డ్ 2013 నుంచి ఫైలు తెరవగానే కుడిపక్క స్క్రోల్ బార్ దగ్గర "వెల్‌కమ్ బ్యాక్" అని ఓ చిన్న బుడగొస్తుంది, దాన్ని నొక్కినా ఆపిన చోటికెళ్ళొచ్చు. మావాడు దాన్ని ఇన్నేళ్ళూ ఏదో యాడ్ అనుకుని మూసేస్తూ వచ్చాడట!

మర్నాడు పొద్దున్నే ఫోను. "ఒరేయ్, నీ ఎఫ్5 బోగస్‌రా, ఎన్నిసార్లు తెరిచి నొక్కినా మొదటి పేజీలోనే ఉంటోంది." రాత్రి ఆఖర్న ఏం చేశావురా అని ఆరా తీస్తే, అంతా అయిపోయాక పైకెళ్ళి టైటిల్ కింద తేదీ మార్చి, సేవ్ చేసి మూసేశాడట. మరి నీ ఆఖరి ఎడిట్ అదే కదరా అంటే, కాసేపు ఆలోచించి నన్నే నిలదీశాడు:

"తేదీ మార్చడం కూడా ఎడిటింగేనా?"