జవాను చూపుకు ఇన్ని అర్థాలా?

సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన ఉంటున్నవాళ్లకి ఈ గోల కొత్త కాదు. ఏఓసీ అనే ఆర్మీ సెంటర్ వైపు రోడ్డు మీద జవాను బండి ఆపి, నవ్వకుండా ఐడీ అడుగుతాడు. అంతే, సాయంత్రానికల్లా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "తుపాకీ చూపించి బెదిరించాడంట", "లోపల ఏదో జరుగుతోందంట" అని మొదలు. డ్యూటీలో ఉన్నవాడి దగ్గర తుపాకీ కాక ఇంకేముంటుందండీ! ఏ రాష్ట్రం నుంచో వచ్చిన పిల్లాడు, తెలుగు రాదు, నిలబడి నిలబడి కాళ్లు పీకుతుంటాయి. పొడిగా రెండు హిందీ ముక్కలు మాట్లాడితే అది పొగరైపోతుందా?

భయం వేయదని నేననను. చీకట్లో ఒక్కసారిగా "రుకో" అని వినబడితే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. రాత్రిపూట రోడ్డు మూసేశారని మల్కాజిగిరి వెళ్లే ఆటోను వెనక్కి తిప్పితే కోపమూ వస్తుంది, రావాలి కూడా. కానీ రోడ్డు మూయాలో వద్దో తేల్చేది గేటు దగ్గరి కుర్రాడు కాదు. దేశమంతా మూసిన కంటోన్మెంట్ రోడ్లు తెరవమని 2018 మేలో ఆదేశమిచ్చింది ఢిల్లీలో రక్షణ శాఖ. మన అర్జీలు వెళ్లాల్సింది అటు. అవి రాసేవాళ్లు లేరు, ఆ కుర్రాడి ఫొటో తీసి తిప్పేవాళ్లు మాత్రం బోలెడుమంది. ఆ ఫొటోలు ముందు తీసేయండి.