బేస్ ఇయర్ మహాత్మ్యం

పోయిన ఆదివారం బెంగళూరు మహదేవపురలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పర్యావరణ సదస్సు పెట్టారు. వచ్చిన నిపుణుడు పారిశ్రామిక దేశాల కర్బన ఉద్గారాల గ్రాఫు వేసి చూపించాడు. గీత 1990లో మొదలై వినయంగా కిందికి దిగింది. "చూశారా, వాళ్లు తగ్గించేశారు. ఇక మారాల్సింది మనమే" అన్నాడు. మనవాళ్లు చప్పట్లు కొట్టారు. మనవాళ్లకి స్లైడు నున్నగా ఉంటే చాలు.

"1990కి ముందు ఏమైంది బాబూ?" అని ఒక పెద్దాయన అడిగాడు. క్లారిటీ కోసం అక్కణ్నుంచి తీసుకున్నారట. 1882లోనే లండన్‌లో బొగ్గు కాల్చి కరెంటు అమ్మడం మొదలుపెట్టిన వాళ్లకు క్లారిటీ రావడానికి నూరేళ్లు దాటిందన్నమాట.

తగ్గింపును ఏ ఏడాదితో పోల్చి లెక్కేస్తారో అదే బేస్ ఇయర్. దాని ఎంపిక మహా విద్య. 1997లో ఉద్గారాలు తగ్గించుకుంటామని క్యోటో ఒప్పందం రాసుకుంటూ 1990ని ఖాయం చేశారు. 1990 తర్వాతి ఏళ్లలో తూర్పు జర్మనీ పాత ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డాయి. ఆ మూతలన్నీ పర్యావరణ పుణ్యం కింద జమ అయ్యాయి. అమెరికా సంతకం పెట్టింది గానీ ఆమోదించలేదు. 2015 పారిస్ వాతావరణ ఒప్పందం నాటికి 2005ని ఎంచుకుంది, అంటే తన పొగ దాదాపు శిఖరం మీద ఉన్న ఏడాదిని. జపాన్ 2013 పట్టుకుంది. ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత రియాక్టర్లు ఆపి బొగ్గు, గ్యాసు దండిగా కాల్చిన ఏడాది అది. ముహూర్తం అంటే అలా ఉండాలి.

ఈ శాస్త్రాన్ని మా అసోసియేషన్ నీళ్ల బిల్లుకు కూడా వర్తింపజేయాలని నా డిమాండు. నా బేస్ నెల మా అమ్మాయి పెళ్లి జరిగిన నెల. ఇంటినిండా చుట్టాలు, పొద్దున్నుంచి రాత్రిదాకా స్నానాలు, గేటు దగ్గర ట్యాంకర్ల వరస. దాంతో పోలిస్తే నా వాడకం సగానికి సగం పడిపోయింది, కాబట్టి శాలువా కప్పండి. బట్టలు పక్కవీధి లాండ్రీకి పంపుతున్నాను. ఆ నీళ్లు లాండ్రీవాడి పద్దు, ఉతికిన చొక్కా మాత్రం నా ఒంటి మీద. చైనాలో తయారై లండన్‌లో అమ్ముడయ్యే టీవీ పొగను చైనా ఖాతాలో రాయడం లేదూ? కారు కడిగిన నీళ్లంటారా, బేస్‌మెంట్ ఎవరి ఫ్లాటూ కాదు. అంతర్జాతీయ విమానాల, ఓడల పొగ ఏ దేశం మొత్తంలోనూ కలవదు మరి.

"సార్, మీ పాత బాకీ..." అంటాడు ట్రెజరర్.

"చరిత్ర తవ్వితే చర్చల వాతావరణం పాడవుతుందండీ."

"సంప్ ఖాళీ అయిపోయింది సార్!"

"అది ఉమ్మడి బాధ్యత. వాచ్‌మన్‌ని రెండు బిందెలు తగ్గించుకోమనండి."

బ్రిటన్ ఉద్గారాలు 1990తో పోలిస్తే సగానికి తగ్గాయి, నిజమే. 2024 సెప్టెంబర్ 30న తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసింది, సంతోషం. కానీ ఆకాశం బేస్ ఇయర్ చూడదు. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో గణనీయమైన భాగం వందల ఏళ్లు అక్కడే ఉంటుంది. పారిశ్రామిక విప్లవం నుంచి ఇప్పటిదాకా పోగుపడిన దాంట్లో దాదాపు పావు వంతు అమెరికా ఒక్కదానిదే. ప్రపంచ జనాభాలో ఆరో వంతుకు పైగా ఉన్న మన వాటా 4 శాతం లోపు. ఇవాళ్టికీ సగటు అమెరికన్ ఏడాదికి 14 టన్నుల పైచిలుకు వదులుతుంటే, మనం 2 టన్నుల దగ్గర ఉన్నాం.

మా వాచ్‌మన్‌ది అనంతపురం జిల్లా. బోరు ఎండి, వేరుశనగ చేతికి రాక ఇక్కడికొచ్చాడు. మెట్ల కింద ఆయన గదిలో ఉన్నవి ఒక ఫ్యాను, ఒక ట్యూబ్‌లైటు. సదస్సు చివర నిపుణుడు ఆయన్నే ముందుకు పిలిచి, అనవసరంగా లైట్లు వెయ్యనని అందరి ముందూ ప్రతిజ్ఞ చేయించాడు. హాల్లో ఏసీ 18 మీద నడుస్తోంది. నిపుణుడు వచ్చిన కారు బయట ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. ఆ మనిషి చెయ్యి చాపి, ఒక్కో మాటా తడబడుతూ పలుకుతుంటే ఫొటోలు తీసుకున్నారు.

సిగ్గనిపించలేదా ఒక్కడికైనా? ఎవరి పొగకి ఎవరిచేత లెంపలేయిస్తున్నారు? ఆ గ్రాఫు 1850 నుంచి గీసుకురా నాయనా. స్క్రీను చాలకపోతే గోడ మీద వెయ్యి, గోడ చాలకపోతే పక్క గోడ కూడా వాడుకో. ప్రతిజ్ఞ ఎవరిచేత చేయించాలో అప్పుడు చూద్దాం.