తేదీ లేని ఉపగ్రహ చిత్రాలు

చెన్నైలో వేళచ్చేరి, పళ్ళికరణై వైపు ఇల్లు కొనదలచిన తెలుగు కుటుంబాలు ముందుగా ఆన్‌లైన్ పటంలోని ఉపగ్రహ చిత్రాన్నే చూస్తున్నాయి. అక్కడ నేల ఎప్పుడూ ఎండలో పొడిగానే కనిపిస్తుంది. మబ్బులు లేని రోజుల చిత్రాలనే ఏరి, వేర్వేరు తేదీలవాటిని అతుకు తెలియకుండా కలపడం వల్ల, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు పళ్ళికరణై చిత్తడి నేలలో నీరు ఎంతవరకు వస్తుందో కొనేవారికి తెలియదు. చిత్రం తీసిన తేదీ సైతం ఫోన్‌లోని ఆ పటంలో సాధారణంగా కనబడదు, ఇది మరీ అన్యాయం. ఐరోపా ఉపగ్రహాలైన సెంటినెల్-2 తీసే చిత్రాలు తేదీలతో ఉచితంగా దొరుకుతాయి గానీ, వాటిలో ఒక్కో పిక్సెల్ (చిత్రంలోని చుక్క) నేలపై 10 మీటర్ల వెడల్పు కనుక సన్నని వాన కాలువలు కనబడవు. 2015 వరదలు చూసిన నగరవాసులకు వానాకాలపు చిత్రాన్ని కూడా తేదీతో సహా చూపించి తీరాలి.